తడిసిన కిటికీ బ్లైండ్లను కాపాడుకోవడం: నా అనుభవం

ఈ మధ్య కురిసిన ఒక గాలివానకు మా ఇంట్లో నాలుగు కిటికీల బ్లైండ్లు తడిశాయి. వాటిలో మూడింటిని కాపాడుకోగలిగాం, ఒకదాన్ని పారేయక తప్పలేదు. తడిసిన నాటి నుంచి అన్ని కిటికీలూ మళ్లీ ఒక దారికి వచ్చేసరికి నెల దాటిపోయింది. ఈ నెలలో నాకు తెలిసిన విషయాల్లో చాలా భాగం బ్లైండ్లు కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో లేవు, అడిగితే వివరంగా చెప్పేవారూ వెంటనే దొరకలేదు. ఇదే అవస్థలో ఉన్నవారికి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను. బ్లైండ్‌ను పాడుచేసేది దాని మీద పడిన నీళ్ల కన్నా దానిలో నిలిచిపోయిన నీళ్లేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. కింద చెప్పేదంతా దాదాపు ఆ నిలిచిన నీటి గురించే.

శుక్రవారం రాత్రంతా ఈదురుగాలితో వాన పడింది. కిటికీలన్నింటికీ గడియలు వేసే ఉన్నాయి కాబట్టి లోపలికి నీళ్లు వస్తాయన్న ఆలోచన ఎవరికీ రాలేదు. శనివారం ఉదయం పడకగదిలో రోలర్ బ్లైండ్, అంటే గొలుసు లాగితే పైకి చుట్టుకునే గుడ్డ తెర, ఎత్తబోతే గొలుసు బరువుగా కదిలింది, కింది అంచు పట్టుకుని చూస్తే చెయ్యి తడిసింది. కిటికీ గట్టు మీద సన్నగా నీళ్లు నిలిచి ఉన్నాయి. గట్టుకు ఆనుకుని వేలాడుతున్న గుడ్డ, దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు, ఆ నీళ్లను రాత్రంతా జానెడు ఎత్తుకు పీల్చుకుంది. చదువుకునే గదిలో చెక్క పలకల బ్లైండ్ మీదకు పైనుంచి నీళ్లు కారాయి. కిటికీ పై మూలలో మొదలైన ధార బ్లైండ్ పైపట్టాలోకి దిగి, అక్కడి నుంచి తాళ్ల వెంట ఒక్కో పలక మీదుగా కిందికి జారింది. హాల్లో తేనెపట్టులా గదులు గదులుగా ఉండే మోటారు బ్లైండ్‌లో కింది వరుసలు నీళ్లు నిండి బరువుకు సాగిపోయి ఉన్నాయి. వంటగదిలో ఉన్నది అల్యూమినియం పట్టీల బ్లైండ్. దాని సంగతి ఇక్కడే ముగిస్తాను: పొడిగుడ్డతో తుడిచి, పైపట్టాలో నిలిచిన నీళ్లు ఒంపేశాం, దానికి ఏమీ కాలేదు.

హాల్లోని బ్లైండ్‌ను రిమోట్ నొక్కి పైకి లేపేద్దామని మా తమ్ముడు చెయ్యి చాపితే ఆపాను. తడిసిన మోటారుకు కరెంటు తగిలితే ఏమవుతుందోనన్న భయం ఒకటి, తడి గుడ్డ పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయన్న అనుమానం ఇంకొకటి. మోటారు మీద అంటించిన చీటీ తరువాత చదివితే ఐపీ20 అని ఉంది. దుమ్ము, నీటి నుంచి పరికరానికి ఎంత రక్షణ ఉందో చెప్పే గుర్తు అది. ఆ రెండో అంకె సున్నా అయితే నీటి నుంచి ఏ రక్షణా లేదని అర్థం. అన్ని వైపుల నుంచీ పడే తుంపరలను తట్టుకోవాలంటే అది కనీసం 4 ఉండాలి. మోటారు బ్లైండ్లు ఉన్నవారు ఆ చీటీని ఇప్పుడే ఒకసారి చూసుకోవడం మంచిది. మేము ముందు బ్యాటరీ తీసి పొడి చోట పెట్టాం. గోడ ప్లగ్గుతో నడిచే మోటారైతే తడి చేత్తో ప్లగ్గు పీకే ప్రయత్నం చేయకుండా మెయిన్ దగ్గరే ఆ గది స్విచ్ ఆపాలి.

తరువాత చేసిన పనుల్లో అన్నిటికన్నా మేలు చేసింది, రోలర్ బ్లైండ్‌ను పైకి చుట్టకుండా పూర్తిగా కిందికి దించి ఉంచడం. కిటికీ దగ్గర నీళ్లు కనిపిస్తే బ్లైండ్‌ను ఎత్తేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే తడి గుడ్డ చుట్టలోకి వెళితే గాలి తగలదు, మడతలు పడతాయి, తడి మచ్చ పక్కనున్న పొడి గుడ్డకు కూడా అంటుతుంది. అందుకని దాన్ని పూర్తిగా దించి, కింది అంచు గట్టుకు తగలకుండా ముందుకు లాగి, రెండు కుర్చీల వీపుల మీద వాల్చాం. దాని కింద, పక్కన తెల్ల తువాళ్లు పరిచాం. తెల్లవే ఎందుకంటే రంగు తువాలు తడిస్తే దాని రంగు బ్లైండ్‌కు పట్టవచ్చు. రుద్దితే నూలు రేగుతుంది, మరక లోపలికి ఇంకుతుంది కాబట్టి తువాలుతో అద్దడం మాత్రమే చేశాం. ఏదీ తుడవకముందే ప్రతి కిటికీనీ, నీళ్లు వచ్చిన దారి కనిపించేలా ఫోన్‌తో ఫోటోలు తీశాను. లీకు వెతికే రోజున ఆ ఫోటోలే దారి చూపించాయి.

బ్లైండ్లు అమ్మిన దుకాణానికి ఆ ఉదయమే ఫోన్ చేశాను. శుభ్రం చేసే మనిషి వారం దాటాక గానీ రాలేడన్నారు. వారంటీ గురించి అడిగితే, నీటి వల్ల కలిగే నష్టం అందులోకి రాదని కాగితం చివరి పేజీలో ఉందన్నారు. చూస్తే నిజంగానే ఉంది. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏమీ తోచలేదు. తడిసిన గుడ్డలో, చెక్కలో బూజు మొలకెత్తడానికి 24 నుంచి 48 గంటలు చాలు. వారం ఆగితే వచ్చినవాడికి శుభ్రం చేయడానికి మిగిలేది బూజే. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఆరబెట్టే పని మేమే చేయాలని అప్పుడు నిర్ణయించుకున్నాం.

ఆరబెట్టడంలో మొదట ఎదురైన చిక్కు ఊహించనిది. కిటికీలన్నీ తెరిచి ఫ్యాన్లు పెడితే చాలనుకున్నాం. మధ్యాహ్నం దాకా అలా ఉంచినా గుడ్డ ఉదయం ఎంత చెమ్మగా ఉందో అంతే ఉంది. ఇంట్లో ఉన్న చిన్న తేమ మీటరు చూస్తే 80 శాతం దగ్గర ఉంది. వాన ఆగినా బయటి గాలి నిండా తేమే ఉంటే కిటికీలు తెరవడం వల్ల ఆ తేమనే లోపలికి పిలిచినట్టవుతుంది. వెంటనే కిటికీలు మూసి, ఏసీని తేమ తీసే పద్ధతిలో పెట్టి, ఫ్యాన్ గాలి బ్లైండ్‌కు సూటిగా కొట్టకుండా పక్కగా వెళ్లేలా తిప్పాం. సాయంత్రానికి మీటరు 55కు దిగింది, గుడ్డ వేళ్లకు పొడిగా తగలడం మొదలైంది. గదిలో తేమ 60 శాతం లోపు ఉంటే బూజుకు ఊపిరాడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే ఇంకా మంచిది. ఆ చిన్న మీటరు ఖరీదు మాకైన మొత్తం ఖర్చులో లెక్కలోకి రానిది, కానీ అది లేకపోతే రోజంతా తప్పు దిశలో శ్రమపడేవాళ్లం. జుట్టు ఆరబెట్టే యంత్రం తెస్తానని తమ్ముడు అన్నాడు. వేడికి చెక్క పగులుతుందని, రోలర్ గుడ్డ వెనుక వెలుతురును ఆపే పూత ముడుచుకుంటుందని దాని జోలికి పోలేదు.

చెక్క బ్లైండ్ విషయంలో ఎక్కువ బెంగపడ్డాను, ఎక్కువ సమయం కూడా దానికే పట్టింది. ఆదివారం ఉదయం చూసేసరికి కింది పలకలు కొన్ని దోనెల్లా వంగి ఉన్నాయి. చెక్క తడిస్తే పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. పలకకు ఒకవైపే తడి తగిలితే ఆ వైపు ఉబ్బి, మరోవైపు ఉబ్బక, పలక వంగుతుంది. వంగిన పలకను చేత్తో సరిచేయబోతే చీలుతుంది. పలకలను విడదీయడం నేను భయపడినంత కష్టం కాలేదు. కింది పట్టీ అడుగున చిన్న ప్లాస్టిక్ మూతలు ఉంటాయి, వాటిని పీకితే తాళ్ల ముడులు కనిపిస్తాయి. ముడి విప్పి తాడును పైకి లాగేస్తే పలకలు నిచ్చెనలా ఉన్న దారాల మీద ఊరికే ఆని ఉంటాయి, ఒక్కొక్కటీ పక్కకు జారి వచ్చేస్తుంది. లాగేముందు తాడు ఏ రంధ్రం గుండా వెళుతోందో ఫోటో తీసుకోవాలి; తిరిగి కట్టేటప్పుడు ఆ ఫోటో లేకపోతే గంటలు పడుతుంది.

విడదీశాక ఒక పలక అంచును కిటికీ వెలుగులో దగ్గరగా పెట్టి చూశాను. పైనా కిందా నున్నగా మెరుస్తున్న వార్నిష్ ఉంది. చివర కోసిన చోట మాత్రం పూత ఏమీ లేదు, పచ్చి చెక్క, దాని పోగుల రంధ్రాలు కంటికి కనిపిస్తున్నాయి. తాడు వెళ్లే రంధ్రం లోపలి అంచు కూడా అంతే. కిటికీ కొలతకు సరిపోయేలా కోసినప్పుడు ఆ చివరలకు మళ్లీ పూత వేయలేదన్నమాట. నీళ్లు తాడు వెంట దిగి సరిగ్గా ఆ రంధ్రాల దగ్గరే లోపలికి ఇంకాయి: ప్రతి పలక మీదా రంధ్రం చుట్టూ ముదురు మచ్చ ఉంది, మధ్య భాగం శుభ్రంగా ఉంది. చెక్క బ్లైండ్ కొనేవారు బిగించకముందే ఈ కోసిన చివరలు చూసుకోవాలని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. అమ్మేవారు చూపించేది పలక ముఖాన్ని, నీళ్లు వెళ్లేది చివరల నుంచి.

పలకలను తుడిచి, నీడలో, చదునైన బల్ల మీద పరిచాం. రెండు పలకల మధ్య గాలి ఆడేలా ఒకే మందం ఉన్న సన్న పుల్లలు అడ్డంగా పెట్టి, వరుస మీద వరుస పేర్చి, పైన బరువుకు పుస్తకాలు ఉంచాం. ఎండలో పెట్టి ఉంటే రెండు రోజుల్లో ఆరేవేమో గానీ వంపు అలాగే బిగుసుకుపోయేది. ఇలా రెండు వారాలకు పైగా వదిలేశాం. మధ్యలో కొన్నిసార్లు తీసి చూడాలనిపించినా ఆపుకున్నాను. చివరికి తీసేసరికి చాలా పలకలు చదునుగా వచ్చాయి. కొన్నింటికి కొద్దిపాటి వంపు మిగిలింది. వంపు పోని పలకలను బ్లైండ్ పైవరుసల్లోకి మార్చాను, అక్కడ అవి కంటికి ఆనవు. ముదురు మచ్చలను 220 నంబరు గరుకు కాగితంతో పోగుల దిశలోనే మెల్లగా రుద్ది, కోసిన చివరలకు, రంధ్రాల లోపలి అంచులకు సన్న కుంచెతో నీటి ఆధారిత పాలియురెథేన్ వార్నిష్ రెండు పూతలు వేశాను. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది వేయాలి. రంధ్రాల లోపల పూత గడ్డకడితే తాడు పట్టేస్తుంది కాబట్టి పుల్లతో శుభ్రం చేశాను.

రోలర్ బ్లైండ్ ఆరాక అసలు ముచ్చట బయటపడింది. నీళ్లు ఎక్కిన ఎత్తులో గుడ్డకు అడ్డంగా గోధుమ రంగు గీత ఒకటి తేలింది. మధ్యలో శుభ్రంగానే ఉంది, అంచు దగ్గరే మరక. నీరు గుడ్డలో పాకుతూ పోయి ఎక్కడ ఆగి ఆరుతుందో అక్కడే తనతో మోసుకొచ్చిన దుమ్మును, గుడ్డకు పెట్టిన గంజి లాంటి పదార్థాన్ని వదిలేస్తుంది. ఆ గీత ఒక్కదాన్నే తడిపి తుడిస్తే దాని బయట ఇంకో గీత పుడుతుంది. కనుక గీతకు కింద ఉన్న భాగమంతా, గీత దాటి ఇంకొంత పైవరకు, డిస్టిల్డ్ నీటిని స్ప్రేతో సమానంగా పట్టించి, బయటి నుంచి లోపలికి తెల్ల గుడ్డతో అద్దుతూ వచ్చాను. కుళాయి నీటిలోని లవణాలు ఆరాక తెల్లటి పొరగా మిగులుతాయి, అందుకే డిస్టిల్డ్ నీరు వాడాను. మొదటిసారికి గీత పలచబడింది. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం కొన్ని చుక్కలు కలిపి మళ్లీ అద్ది, సబ్బు మిగలకుండా వట్టి నీటి తడిగుడ్డతో తీసేశాక, ఎదురుగా నిలబడి చూస్తే కనిపించనంతగా పోయింది. వెలుతురు గుడ్డ వెనుక నుంచి పడినప్పుడు మాత్రం ఇప్పటికీ లీలగా తెలుస్తుంది. ఇంతకన్నా పోవాలని నేను పట్టుబట్టలేదు. ఏ ప్రయోగమైనా ముందు పైన చుట్టలో దాగి ఉండే మూలలో చేసి చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని గుడ్డల వెనుక పూత తడికే ఊడుతుంది.

అదే బ్లైండ్ అడుగున నారింజ రంగు చుక్కలు వరుసగా పడటం ఇంకో ఆశ్చర్యం. గుడ్డ కింది మడతలో బరువు కోసం ఒక ఇనుప పట్టీ దూర్చి ఉంటుంది. పక్క మూత తీసి వంచితే ఆ మడతలోంచి చెంచాడు నీళ్లు కారాయి, అది కూడా గుడ్డ పైకి పొడిగా అనిపించిన తరువాత. పట్టీ అప్పటికే తుప్పు పట్టింది. తుప్పు మరక మీద బ్లీచ్ వాడకూడదు, వాడితే అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీరు కొద్దిగా అద్ది, కాసేపాగి, శుభ్రమైన నీటితో తీసేస్తే చుక్కలు చాలావరకు వదిలాయి. ఇనుప పట్టీ బదులు అల్యూమినియం పట్టీ వేయించాం. దాని ఖరీదు స్వల్పం, అది దొరకడానికి మాత్రం దుకాణం చుట్టూ తిరగాల్సి వచ్చింది. బ్లైండ్ తడిసినవారు ఎవరైనా ఆ కింది మడతను విప్పి చూడకుండా ఆరిపోయిందని అనుకోవద్దని నా మనవి.

హాల్లోని తేనెపట్టు బ్లైండ్ దక్కలేదు. దాన్ని దించి, సాగదీసి, పక్కకు వంచితే గదుల చివరల నుంచి నీళ్లు చాలాసేపు కారాయి. సాగదీసే ఆరబెట్టాం, ఫ్యాన్ గాలి గదుల్లోకి వెళ్లేలా పక్క నుంచి పెట్టాం. నాలుగైదు రోజులకు బయటికి చక్కగానే కనిపించింది, దగ్గరికి వెళితే మాత్రం చెమ్మ వాసన. టార్చి వేసి ఒక గది లోపలికి చూస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు ఉన్నాయి. వాటిని చేరే బ్రష్ ఏదీ లేదు. వరుసలను కలిపే జిగురు కూడా రెండు చోట్ల వదిలింది. శుభ్రం చేసే మనిషి ఎట్టకేలకు వచ్చి చూసి, "మేడమ్, పైన ఎంత తుడిచినా లోపల ఉన్నది పోదు. మళ్లీ చెమ్మ తగిలితే మళ్లీ లేస్తుంది" అన్నాడు. నాలుగింటిలో ఇదే అన్నిటికన్నా ఖరీదైనది, ఇష్టపడి కొనుక్కున్నది. పారేయాలంటే మనసు ఒప్పుకోలేదు, రెండు రోజులు వరండాలో ఉంచాను. చివరికి బూజు ధూళి ఇంట్లో రేగకుండా సంచిలో మూటకట్టి పడేశాం. లిథియం బ్యాటరీని మాత్రం చెత్తబుట్టలో వేయకుండా పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోట ఇచ్చాం.

బూజు విషయంలో ఒక హెచ్చరిక. రోలర్ గుడ్డ మీద ఒక మూల లేసిన కొద్దిపాటి బూజును నేను బయటికి తీసుకెళ్లి, ముక్కుకు ఎన్95 మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, మెత్తని బ్రష్‌తో దులిపాను. బ్లీచ్ రంగు గుడ్డను పాడుచేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ అమోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో గానీ కలిపితే విషవాయువు పుడుతుంది. కిటికీ దగ్గర బ్లీచ్ సీసా, అద్దాల క్లీనర్ సీసా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను.

బ్లైండ్లు ఆరుతుండగా నా ఆలోచనంతా కిటికీల మీదే ఉంది. మూసిన కిటికీలోంచి నీళ్లు వచ్చాయంటే మళ్లీ వస్తాయి. తరువాతి ఆదివారం ఎండ కాసింది. తమ్ముడిని లోపల టార్చితో నిలబెట్టి, ఫ్రేము చుట్టూ పొడి టిష్యూ కాగితాలు అంటించి, నేను బయటి నుంచి తోటకు నీళ్లు పెట్టే గొట్టంతో మెల్లగా నీళ్లు పట్టాను. ఈ పరీక్ష కింది నుంచి పైకి చేయాలి. ముందే పైన నీళ్లు పడితే అవి కిందికి కారుతూ అన్ని సందుల్లోకీ వెళతాయి, అసలు లీకు ఎక్కడిదో తేలదు. గట్టు దగ్గర కొంతసేపు, పక్కల కొంతసేపు, ఆ తరువాతే పై అంచు. చదువుకునే గది కిటికీకి కిందా పక్కలా ఏమీ కాలేదు. కుడివైపు పై మూలకు గొట్టం చేరిన కొద్ది నిమిషాలకు లోపలి నుంచి, "అక్కా, ఆపు! కాగితం ముద్దయింది" అన్న కేక వినిపించింది. నిచ్చెన ఎక్కి చూస్తే ఫ్రేముకూ గోడకూ మధ్య సందు మూసే పాత సీలెంట్ ఎండి, గోడ నుంచి విడిపోయి, చాకు మొన దూరేంత సందు ఉంది. కింది నుంచి చూస్తే అది అతుక్కునే ఉన్నట్టు కనిపిస్తుంది.

పడకగది కిటికీ సంగతి వేరు. అది పక్కకు జరిపే కిటికీ. అలాంటి కిటికీల ట్రాకులోకి వాన నీళ్లు రావడం మామూలే. ట్రాకు బయటి అంచున ఉండే చిన్న రంధ్రాల గుండా ఆ నీళ్లు బయటికి పోవాలి. ట్రాకులో ఒక కప్పు నీళ్లు పోసి చూశాం. నీళ్లు కదలలేదు, నెమ్మదిగా లోపలి అంచు దాటి గట్టు మీదికి వచ్చాయి. రంధ్రాలు ఎండిన మట్టి, చచ్చిన పురుగులు, వాటి మీద గోడకు వేసిన రంగు చుక్కలతో పూడిపోయి ఉన్నాయి. సన్న తీగతో పొడిచి, వాక్యూమ్‌తో లాగేశాక మళ్లీ కప్పు నీళ్లు పోస్తే గుటుక్కున బయటికి పోయాయి. హాలు కిటికీకీ ఇదే జబ్బు. అన్నిటికన్నా ఖరీదైన బ్లైండ్‌ను పోగొట్టుకున్నది ఒక తీగ ముక్కతో తీరే అడ్డంకి వల్లనని తెలిశాక ఆ పూటంతా మనసు బరువుగా ఉంది. రెండు మూడు నెలలకొకసారి ఆ కప్పు నీళ్ల పరీక్ష చేయడానికి పైసా ఖర్చు లేదు.

పై మూల సందును మూయడానికి పాత సీలెంట్‌ను బ్లేడుతో పూర్తిగా తీశాం. ఎండిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటుకోదు, పైపైన పూస్తే మళ్లీ వానకు ఊడుతుంది. సందును బ్రష్‌తో దులిపి, ఫ్రేము అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లోతుగా ఉన్న చోట నురగ తాడు నొక్కి, దాని మీద సిలికాన్ వేసి వేలితో నున్నగా దిద్దాం. వెనిగర్ వాసన వచ్చే రకం లోహానికి తుప్పు పట్టిస్తుంది కాబట్టి న్యూట్రల్ రకం అడిగి కొన్నాం. పైన చర్మం కట్టడానికి అరగంట పట్టినా లోపల గట్టిపడేది రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లే, అందుకే మళ్లీ గొట్టంతో పరీక్షించడానికి ఐదు రోజులు ఆగాం. సీలెంట్ వేసే ఉత్సాహంలో ట్రాకు బయటి రంధ్రాలను కూడా మూసేయకుండా చూసుకోవాలి, వాటిని మూస్తే నీళ్లకు లోపలికి తప్ప దారి ఉండదు.

బ్లైండ్లను మళ్లీ బిగించేటప్పుడు కొన్ని మార్పులు చేశాం. రోలర్ కింది అంచు గట్టుకు రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే ఆగేలా గొలుసు మీద ఆపు బిగించాం. ఆ సందులోంచి కొంత వెలుతురు వస్తుంది, గుడ్డ మాత్రం ఇక నీటిని పీల్చదు. చెక్క బ్లైండ్‌ను కిటికీ గూడులోంచి తీసి గోడ ముఖం మీదికి మార్చాం. గూడులో అద్దానికి దగ్గరగా ఉన్నప్పుడు వెనుక గాలి కదలదు, చల్లబడిన అద్దం మీద పట్టిన చెమ్మ అంతా చెక్కకే చేరుతుంది. గది 25 డిగ్రీల వేడిలో, 60 శాతం తేమతో ఉంటే అద్దం 17 డిగ్రీలకు దిగగానే చెమ్మ పడుతుంది, చలి ఉదయాల్లో అది మామూలే. లేవగానే బ్లైండ్లన్నీ కాసేపు ఎత్తి, అద్దం తుడవడం అలవాటు చేసుకున్నాం. అద్దం శుభ్రం చేసేటప్పుడు ద్రవాన్ని అద్దం మీద కాకుండా గుడ్డ మీద చల్లుకుంటున్నాం; ఇదివరకు కారిన ద్రవం సగం బ్లైండ్ అంచులకే చేరేది.

నీటిని తోసేసే స్ప్రే గురించి చాలామంది చెప్పారు. రోలర్ గుడ్డకు, మూలలో పరీక్షించాక, బయట గాలిలో పలచగా వేశాను. ఆ తుంపరలు పీల్చడం మంచిది కాదు. దాని మీద ఇప్పుడు నీటి చుక్క పూసలా నిలిచి జారిపోతుంది, వెంటనే తుడిస్తే మరక పడదు. రాత్రంతా నీళ్లలో నానితే మాత్రం ఆ స్ప్రే ఆపలేదు, శుభ్రం చేసిన ప్రతిసారీ మళ్లీ వేయాలి కూడా. చెక్కకు, పట్టీలకు దాన్ని వేయలేదు.

ఖర్చు విషయానికొస్తే, సీలెంట్, గరుకు కాగితం, పూత, డిస్టిల్డ్ నీరు, స్ప్రే, అల్యూమినియం పట్టీ అన్నీ కలిపినా పారేసిన బ్లైండ్ ఖరీదులో పదో వంతు కాలేదు. హాలుకు కొత్తది అదే రకం తీసుకోలేదు. పీవీసీ పలకలది, చెక్కలా కనిపించేది, గోడ ముఖం మీద బిగించేలా కొలత ఇచ్చి చేయించాం. దానికి మూడు వారాలు పట్టింది. పీవీసీ తడికి ఉబ్బదు, కానీ బరువు ఎక్కువ, కాబట్టి వెడల్పు కిటికీకి రెండు ముక్కలుగా చేయించమని బిగించేవాడే సలహా ఇచ్చాడు. అది బిగించాక రెండు వానలు పడ్డాయి. రెండుసార్లూ రాత్రి టార్చి వేసుకుని అన్ని గట్లనూ వేలితో తడిమి చూశాను, పొడిగానే ఉన్నాయి. చదువుకునే గదిలో కిటికీ పై మూల గోడ రంగు మాత్రం పొక్కులు లేచి ఉంది. గోడ లోపలి తేమ పూర్తిగా పోకముందే రంగు వేస్తే మళ్లీ పొక్కుతుందని పొక్కులు గీకేసి అలాగే వదిలేశాం. తేమ మీటరును ఇప్పుడు ఆ గదిలోనే ఉంచాం.